జూలైలో బేస్‌బాల్ టీమ్‌ని బాగుచేసుకోవడం ఎలా?

ఐపీఎల్ చూసి పెరిగినవాళ్లకి టీమ్ అంటే వేలంలోనే కుదిరిపోయేది. సీజన్ మొదలయ్యాక ఎవరికైనా గాయమైతే వాళ్ల బదులు ఇంకొకర్ని తెచ్చుకుంటారు, అంతే. మధ్యలో ఆటగాళ్లని మార్చుకునే వీలు ఒకప్పుడు కల్పించినా ఫ్రాంచైజీలు పెద్దగా వాడుకోలేదు. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంగతి వేరు. మార్చి చివర్లో మొదలుపెట్టి సెప్టెంబర్ చివరిదాకా ఒక్కో టీమ్ 162 మ్యాచ్‌లు ఆడుతుంది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులు అయ్యేసరికి ట్రేడ్ డెడ్‌లైన్ వస్తుంది, అంటే టీమ్‌లు ఆటగాళ్లని మార్చుకోవడానికి ఆఖరి గడువు. జూలై 28 నుంచి ఆగస్టు 3 లోపు ఏ రోజన్నది కమిషనర్ నిర్ణయిస్తారు. 2024లో, 2025లో న్యూయార్క్ టైమ్ ప్రకారం సాయంత్రం 6 గంటలకి ముగిసింది, అంటే మన ఇళ్లలో తెల్లవారుజాము మూడున్నర. కప్పు మీద ఆశ ఉన్నవాళ్లు ఆలోపు కొంటారు, ఆశ వదులుకున్నవాళ్లు అమ్ముతారు. కొనేవాళ్లు ఇచ్చేది ఎక్కువగా డబ్బు కాదు, తమ మైనర్ లీగ్ టీమ్‌లలో (ప్రతి పెద్ద టీమ్ కిందా ఉండే చిన్న టీమ్‌లలో) ఎదుగుతున్న కుర్రాళ్లని.

మీరు అలాంటి ఒక టీమ్‌కి జనరల్ మేనేజర్ అనుకుని ఇది చదవండి. వీడియో గేమ్‌లో ఫ్రాంచైజ్ నడిపేవాళ్లకి సూటిగా పనికొస్తుంది. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉంటూ లంచ్ టైమ్‌లో కొలీగ్స్‌తో "ఈసారి మనం ఎవర్ని తేవాలి" అని వాదించేవాళ్లకి ఇంకా ఎక్కువ పనికొస్తుంది.

1. నిజంగా పోటీలో ఉన్నారా, లేదా తేల్చుకోండి

స్టాండింగ్స్‌లో (గెలుపోటముల పట్టికలో) కనిపించే గెలుపుల సంఖ్యని పూర్తిగా నమ్మకండి. మీ టీమ్ కొట్టిన రన్స్ ఎన్ని, ఇచ్చిన రన్స్ ఎన్ని అన్నది ముందు చూడండి. బిల్ జేమ్స్ అనే విశ్లేషకుడు ఇచ్చిన సులువైన సూత్రం ఒకటుంది. 105 మ్యాచ్‌ల్లో మీరు 480 రన్స్ కొట్టి, 430 ఇచ్చారనుకోండి. 480ని 480తో గుణిస్తే 2,30,400. 430ని 430తో గుణిస్తే 1,84,900. మొదటి అంకెని ఈ రెండిటి మొత్తంతో భాగిస్తే దాదాపు 0.555 వస్తుంది. అంటే 105లో 58 గెలవాల్సిన టీమ్ మీది. మీరు 63 గెలిచి ఉంటే, ఒక్క రన్ తేడాతో తేలిన మ్యాచ్‌లు ఎక్కువగా మీవైపు పడ్డాయన్నమాట. మిగతా రెండు నెలలూ అలాగే పడతాయన్న నమ్మకంతో కుర్రాళ్లని అమ్ముకోకండి. లెక్క తలకిందులై, గెలవాల్సినదానికన్నా తక్కువ గెలిచి ఉంటే మాత్రం కాస్త ధైర్యం చేయొచ్చు.

తర్వాత చూడాల్సింది మీరు ఎక్కడున్నారన్నది. మేజర్ లీగ్‌లో అమెరికన్, నేషనల్ అని రెండు లీగ్‌లు, ఒక్కోదాంట్లో మూడు డివిజన్లు ఉంటాయి. 2022 నుంచి ఒక్కో లీగ్‌లో ఆరు టీమ్‌లు అక్టోబర్‌లో కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌కి వెళ్తున్నాయి. డివిజన్ విజేతల్లో మొదటి ఇద్దరికి తొలి రౌండ్ ఆడే పనే లేదు. మిగతా నలుగురూ మూడు మ్యాచ్‌ల సిరీస్‌లో తేల్చుకోవాలి, ఆ మూడింట్లో ఎవరికైనా ఏదైనా జరగొచ్చు. డివిజన్‌లో ఎనిమిది గెలుపులు ముందున్న టీమ్‌కి ఆగస్టులో ఇంకో రెండు గెలిచినా ఒరిగేది లేదు, దాని ఆలోచనంతా అక్టోబర్ మీదే ఉండాలి. ఒకటి రెండు గెలుపులు అటో ఇటో ఊగుతున్న టీమ్‌కి ఇప్పుడొచ్చే ఒక్కో గెలుపూ బంగారమే. అసలు కొనడంలో అర్థముండేది ఎక్కువగా వీళ్లకే. చివరి వైల్డ్ కార్డ్‌కి (డివిజన్ గెలవనివాళ్లకి దక్కే ప్లేఆఫ్స్ చోటుకి) అయిదారు గెలుపులు వెనకబడి, మధ్యలో నాలుగు టీమ్‌లని దాటాల్సి ఉంటే, కొనాలన్న కోరిక కాస్త చల్లారేదాకా ఆగండి.

2023లో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ ఆగలేదు. ఆ సీజన్ అయ్యాక వాళ్ల సూపర్‌స్టార్ షోహెయ్ ఒహ్తానీ కాంట్రాక్ట్ ముగిసిపోతుంది. అతణ్ణి అమ్మకుండా, చివరిసారి గట్టిగా ప్రయత్నిద్దామని జూలై చివర్లో షికాగో వైట్ సాక్స్ నుంచి లూకస్ జియోలిటో, రెనాల్డో లోపెజ్ అనే పిచ్చర్లని (బంతి విసిరేవాళ్లని) తెచ్చుకున్నారు. బదులుగా ఎడ్గార్ క్వెరో అనే మంచి క్యాచర్ (మన వికెట్ కీపర్‌లాంటివాడు) కుర్రాణ్ణి, ఇంకో పిచ్చర్‌ని ఇచ్చారు. ఆగస్టు మొదలవగానే వరుస ఓటములు. అదే నెలలో ఒహ్తానీ మోచేతి లిగమెంట్ దెబ్బతింది. నెలాఖరుకల్లా జియోలిటో, లోపెజ్‌తో సహా ఆరుగురిని వేవర్స్‌లో పెట్టి (కావాలన్న టీమ్ ఊరికే తీసుకోవచ్చని వదిలేసి) జీతాల భారం దించుకునే స్థితికి వచ్చారు. 73 గెలుపులు, 89 ఓటములతో సీజన్ ముగిసింది. ఒహ్తానీ డాడ్జర్స్‌కి వెళ్లిపోయాడు.

2. స్టార్‌ని వెతకొద్దు, లోటుని వెతకండి

నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో ముఖ్యమైన అడుగు ఇదే. ఎక్కువమంది అభిమానులు తప్పటడుగు వేసేదీ ఇక్కడే. జూలై రాగానే అందరి నోటా మార్కెట్‌లో ఉన్న అతి పెద్ద పేరే నానుతుంది. అతను ఎవరి స్థానంలో ఆడతాడు అన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

చిన్న లెక్క వేద్దాం. ఒక ఆటగాడి వల్ల టీమ్‌కి ఎన్ని గెలుపులు అదనంగా వస్తాయో చెప్పడానికి వార్ అనే కొలత వాడతారు. మైనర్ లీగ్ నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే ఆటగాణ్ణి సున్నా అనుకుంటే, పూర్తి సీజన్‌కి సగటు ఆటగాడు 2, పెద్ద స్టార్ 6 దాకా ఇస్తారు. కానీ మీకు మిగిలింది మూడో వంతు సీజనే. సగటు ఆటగాడు ఉన్నచోట స్టార్‌ని పెడితే పూర్తి సీజన్‌కి 4 గెలుపుల తేడా, మూడో వంతుకి ఒకటి పైచిలుకు. ఇప్పుడు మీ లెఫ్ట్ ఫీల్డ్‌లో (ఔట్‌ఫీల్డ్‌లో ఒక స్థానం) సున్నాకన్నా కిందున్నవాడు, ఏడాదికి మైనస్ 1 చొప్పున ఆడుతున్నవాడు ఉన్నాడనుకోండి. అక్కడ మామూలు సగటు ఆటగాణ్ణి పెట్టినా తేడా పూర్తి సీజన్‌కి 3, మూడో వంతుకి ఒక గెలుపు. స్టార్ వల్ల వచ్చేదానికి ఇది దాదాపు సమానం. ధర మాత్రం పదో వంతు కూడా ఉండదు.

కాబట్టి తెల్ల కాగితం మీద తొమ్మిది స్థానాలు, అయిదుగురు స్టార్టింగ్ పిచ్చర్లు (మ్యాచ్ మొదలుపెట్టే స్టార్టర్లు), బుల్‌పెన్‌లో (స్టార్టర్ తర్వాత దిగే రిలీవర్లలో) చివరి ముగ్గురు, బెంచ్ రాసుకోండి. ఒక్కోచోట గత మూడు నెలల్లో ఏం జరిగిందో కాదు, వచ్చే రెండు నెలల్లో ఏం జరగబోతుందో అంచనా వేసి పక్కన రాయండి. ఏప్రిల్‌లో ఆడలేకపోయినవాడు జూన్ నుంచి మళ్లీ గాడిన పడి ఉండొచ్చు. అన్నిటికన్నా కింద ఉన్న రెండు మూడు స్థానాలే మీ షాపింగ్ లిస్ట్.

2021లో అట్లాంటా బ్రేవ్స్ చేసింది అచ్చంగా ఇదే. జూలై 10న వాళ్ల పెద్ద స్టార్ రోనాల్డ్ అకూన్యా జూనియర్ మోకాలి లిగమెంట్ తెగి సీజన్‌కి దూరమయ్యాడు. ఇంకో ఔట్‌ఫీల్డర్ మార్సెల్ ఒజూనా అప్పటికే లేడు. ఔట్‌ఫీల్డ్ మొత్తం ఖాళీ. గెలుపులూ ఓటములూ ఇంచుమించు సమానంగా ఉన్న టీమ్. వాళ్ల స్థానంలో చాలామంది ఈ ఏడాదికి ఇంతే అనుకునేవాళ్లు. జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపౌలోస్ మాత్రం డివిజన్‌లో ముందున్న న్యూయార్క్ మెట్స్ కూడా అంతంతమాత్రంగానే ఆడుతున్నారన్నది గమనించాడు. అకూన్యాకి సరితూగే మరో అకూన్యా కోసం వెతకలేదు. నలుగురు మామూలు ఔట్‌ఫీల్డర్లని తెచ్చాడు. షికాగో కబ్స్ నుంచి జాక్ పీడర్సన్, మయామీ నుంచి ఆడమ్ డువాల్, కాన్సస్ సిటీ నుంచి హోర్హే సోలెర్, క్లీవ్‌లాండ్ నుంచి ఎడ్డీ రొసారియో. సోలెర్ అప్పటికి 0.192 సగటుతో (పదిసార్లలో రెండు హిట్లు కూడా లేకుండా) కొట్టుమిట్టాడుతున్నాడు. రొసారియో గాయంతో బయట కూర్చున్నాడు. అతనికి బదులుగా ఇచ్చింది పాబ్లో సాండోవాల్ అనే వెటరన్‌ని, క్లీవ్‌లాండ్ అతణ్ణి వెంటనే వదిలేసింది. అంటే దాదాపు ఉచితం. ఈ నాలుగు డీల్స్‌లో ఇచ్చినవాళ్లెవరూ తర్వాత స్టార్లు కాలేదు.

ఆ సీజన్‌లో బ్రేవ్స్ ఓటములకన్నా గెలుపులు ఎక్కువ చేసుకున్నది ఆగస్టు 6న, అదే మొదటిసారి. 88 గెలుపులతో ప్లేఆఫ్స్‌కి వచ్చారు, వచ్చినవాళ్లలో అందరికన్నా తక్కువ. నేషనల్ లీగ్ ఫైనల్లో డాడ్జర్స్ మీద రొసారియో 0.560 సగటుతో ఆడి ఆ సిరీస్‌కే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. రెండు లీగ్‌ల విజేతలు కప్పు కోసం తలపడే వరల్డ్ సిరీస్‌లో ఆ గౌరవం మూడు హోమ్ రన్స్ (మన సిక్సర్లలాంటివి) కొట్టిన సోలెర్‌కి దక్కింది. అంత అదృష్టం ప్రతిసారీ రాదని నాకూ తెలుసు. ఆ అదృష్టం తలుపు తట్టేలోపు ఔట్‌ఫీల్డ్‌లో సున్నాలు లేకుండా చేసుకోవడం మాత్రం పూర్తిగా ఆంథోపౌలోస్ తెలివే.

3. బయటికి ఫోన్ చేసేముందు ఇంట్లో చూడండి

గాయాల జాబితాలో ఎవరున్నారు, ఎప్పుడు తిరిగొస్తారు? ఆగస్టు మధ్యలో మీ మూడో స్టార్టర్ తిరిగొస్తున్నాడంటే, ఇంకొకరికోసం కుర్రాళ్లని ధారపోయడం ఎందుకు? అయితే డాక్టర్లు చెప్పిన తేదీకి ఇంకో రెండు వారాలు కలుపుకోండి. పిచ్చర్ భుజం విషయమైతే తేదీని అసలు లెక్కలోకే తీసుకోకండి.

మైనర్ లీగ్‌లలో పై మెట్టయిన ట్రిపుల్-ఏలో ఎవరైనా సిద్ధంగా ఉన్నారా అన్నది రెండో ప్రశ్న. ముఖ్యంగా వేగంగా విసిరే కుర్ర పిచ్చర్లు. పూర్తి సీజన్ స్టార్టర్‌గా మోయలేనివాడు కూడా బుల్‌పెన్‌లో ఒక్క ఇన్నింగ్స్‌కి భయంకరంగా ఉండొచ్చు. 2002లో ఏంజెల్స్ సెప్టెంబర్ మధ్యలో ఫ్రాన్సిస్కో రోడ్రిగెజ్ అనే 20 ఏళ్ల కుర్రాణ్ణి పైకి పిలిచారు. గాయపడ్డవాళ్ల బదులు తీసుకునే వెసులుబాటు వాడుకుని అతణ్ణి ప్లేఆఫ్స్ జట్టులోకి చేర్చారు. అక్కడ అయిదు మ్యాచ్‌లు అతని ఖాతాలో గెలిచారు, కప్పూ వాళ్లకే వచ్చింది. 2008లో టాంపా బే కూడా సెప్టెంబర్‌లో డేవిడ్ ప్రైస్‌ని తెచ్చుకుంది. అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో మ్యాచ్‌లో చివరి ఔట్లు తీసింది అతనే. ఈ ఇద్దరికీ ఆ టీమ్‌లు ఎవరికీ ఏమీ ఇచ్చుకోలేదు.

4. అక్టోబర్‌లో ఎవరు అవసరమో వేరుగా ఆలోచించండి

సీజన్‌లో అయిదుగురు స్టార్టర్లు కావాలి, ఎందుకంటే దాదాపు ప్రతి రోజూ మ్యాచ్ ఉంటుంది. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య విశ్రాంతి రోజులుంటాయి కాబట్టి ముగ్గురితో, మహా అయితే నలుగురితో సరిపెట్టేస్తారు. అందుకని మీ నాలుగో స్టార్టర్ కన్నా కాస్త మెరుగైనవాణ్ణి కొనడం ప్లేఆఫ్స్‌కి చేరడానికి పనికొస్తుందేమో గానీ, చేరాక పనికిరాదు. కొంటే మొదటి ముగ్గురిలో నిలబడేవాణ్ణి కొనండి, లేదంటే ఆ డబ్బు బుల్‌పెన్‌కి పెట్టండి.

రిలీవర్ల ఆట ఏడాదికేడాదికీ మారిపోతుంటుంది. పెద్ద పేరున్న క్లోజర్‌కి (మ్యాచ్ చివర్లో దిగి ముగించే రిలీవర్‌కి) భారీగా చెల్లించడంకన్నా, ఈ ఏడాది బాగా విసురుతున్న ఇద్దరు ముగ్గురు తక్కువ పేరున్నవాళ్లని తెచ్చుకోవడం నా ఓటు. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ మే నెలలో 19 గెలుపులు, 31 ఓటములతో ఉండేది. బుల్‌పెన్ గురించి అభిమానులు తలలు బాదుకునేవాళ్లు. జూలై 31న టొరంటో నుంచి డేనియల్ హడ్సన్‌ని ఒకే ఒక్క మైనర్ లీగ్ పిచ్చర్‌కి బదులుగా తెచ్చుకున్నారు. వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో ఆఖరి ఔట్ తీసింది అతనే. ఇంకో సంగతి. 2020 నుంచి బరిలోకి దిగిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకి విసరాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. అందుకని ఎడమచేతి బ్యాటర్ ఒక్కణ్ణి ఔట్ చేయడానికే ఉండే పిచ్చర్ల మీద ఇదివరకులా ఖర్చు పెట్టొద్దు.

బెంచ్‌ని చిన్నచూపు చూడకండి. 2004 జూలై 31న బోస్టన్ రెడ్ సాక్స్ ఊరంతా ఆరాధించే షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) నోమార్ గార్సియాపారాని వదులుకుని, ఫీల్డింగ్ బాగా చేసే ఒర్లాండో కబ్రేరా, డగ్ మింట్‌కీవిచ్‌లని తెచ్చుకుంది. ఊళ్లో అంతా దాని గురించే మాట్లాడుకున్నారు. అదే రోజు డాడ్జర్స్ నుంచి డేవ్ రాబర్ట్స్ అనే వేగంగా పరిగెత్తే ఔట్‌ఫీల్డర్‌ని కూడా తెచ్చారు, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అక్టోబర్‌లో యాంకీస్ మీద సిరీస్ 0–3, నాలుగో మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్, ఒక రన్ వెనకబడి ఉన్నారు. పిచ్చర్ యాంకీస్ మేటి క్లోజర్ మారియానో రివేరా. అలాంటి సమయంలో రాబర్ట్స్‌ని ఇంకొకరి బదులు బేస్ మీదికి పంపారు. స్టేడియంలో ఉన్న ప్రతి ఒక్కరికీ అతను రెండో బేస్ దొంగిలించబోతున్నాడని, అంటే హిట్ లేకుండానే పరిగెత్తి చేరబోతున్నాడని తెలుసు. అయినా దొంగిలించాడు, తర్వాతి హిట్‌కి స్కోర్ సమం చేశాడు. బోస్టన్ ఆ సిరీస్ గెలిచి, 1918 తర్వాత మొదటి వరల్డ్ సిరీస్ కూడా గెలిచింది. బెంచ్ మీద వేగంగా పరిగెత్తేవాడు ఒకడు, ఎడమచేతి పిచ్చర్లని చితక్కొట్టేవాడు ఒకడు ఉన్నారా అని చూసుకోండి. ఇలాంటివాళ్లు చవగ్గానే దొరుకుతారు.

5. త్వరగా అడగండి

డెడ్‌లైన్ రోజు కొనడమంటే పెళ్లి రేపనగా బంగారం కొట్టుకెళ్లినట్టు, అవతలివాడు చెప్పిందే రేటు. పైగా ప్లేఆఫ్స్‌కి ఆరేసి టీమ్‌లు వెళ్తుండటంతో జూలై చివరిదాకా "మేమూ పోటీలో ఉన్నాం" అనుకునేవాళ్లు పెరిగారు, అమ్మేవాళ్లు తగ్గారు. జూన్ చివరికే ఆశ వదులుకున్న నాలుగైదు టీమ్‌ల జాబితా రాసుకుని వాళ్లతో మాటలు మొదలుపెట్టండి.

ముందుగా కొనడంలో ఇంకో లాభం స్టార్టింగ్ పిచ్చర్ల విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. స్టార్టర్ అయిదారు రోజులకోసారే విసురుతాడు. జూలై 31న తెచ్చుకుంటే సీజన్‌లో పదకొండు మ్యాచ్‌లో, పన్నెండో దక్కుతాయి. 2008లో మిల్వాకీ బ్రూవర్స్ సీసీ సబాథియాని క్లీవ్‌లాండ్ నుంచి జూలై 7నే తెచ్చుకుంది. 17 స్టార్ట్‌లు వచ్చాయి. 11 గెలుపులు, 2 ఓటములు, ఏడు మ్యాచ్‌లు మొదటినుంచి చివరిదాకా ఒక్కడే విసిరాడు. 1982 తర్వాత మిల్వాకీ ప్లేఆఫ్స్ చూడటం అదే మొదటిసారి. ఆ మూడు వారాలు ఆలస్యం చేసి ఉంటే చూసేదే కాదని నా నమ్మకం.

అందరూ వదిలేసిన ఇంకో అరలో కూడా చూడండి: గాయం నుంచి కోలుకుంటున్నవాళ్లు. రొసారియో సంగతి పైన చెప్పాను. 2024లో డాడ్జర్స్ మూడు టీమ్‌ల డీల్‌లో టామీ ఎడ్‌మన్‌ని తెచ్చుకున్నప్పుడు, మణికట్టు ఆపరేషన్ వల్ల అతను ఆ ఏడాది మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. షార్ట్‌స్టాప్ ఆడగలడు, సెంటర్ ఫీల్డ్ ఆడగలడు. అక్టోబర్‌లో మెట్స్ మీద నేషనల్ లీగ్ ఫైనల్ అత్యుత్తమ ఆటగాడు అతనే.

6. ఏమిస్తున్నారో రెండుసార్లు చూసుకోండి

కాంట్రాక్ట్ ఆ సీజన్‌తోనే ముగిసేవాణ్ణి రెంటల్ అంటారు. మీకు దక్కేది రెండు నెలలు, అదృష్టం ఉంటే మూడు. ఇంకా రెండు మూడేళ్లు మీ చేతిలో ఉండేవాడికి ధర సహజంగానే ఎక్కువ. రెంటల్‌కి ఇంకో లోపం ఉంది. సీజన్ మధ్యలో చేతులు మారిన ఆటగాడికి మీరు క్వాలిఫయింగ్ ఆఫర్ (కాంట్రాక్ట్ ముగిసినవాడికి ఇచ్చే ఒక్క ఏడాది ఆఫర్) ఇవ్వడానికి వీల్లేదు. కాబట్టి అతను వెళ్లిపోతే పరిహారంగా డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే అవకాశం) కూడా రాదు.

మీ కుర్రాళ్లని మూడు వరుసలుగా విడగొట్టండి. ఎవరడిగినా ఇవ్వనివాళ్లు ఒకరిద్దరు. పెద్ద ఆటగాడొస్తేనే ఇచ్చేవాళ్లు నలుగురైదుగురు. మిగతావాళ్ల గురించి ధారాళంగా మాట్లాడొచ్చు. ఫోన్ మోగకముందే ఇది రాసిపెట్టుకోండి. గంటలో డెడ్‌లైన్ ఉండగా టెన్షన్‌లో ఈ వరుసలు కలిసిపోతాయి.

"ఆ స్థానంలో మాకు ఆల్రెడీ స్టార్ ఉన్నాడు, ఈ కుర్రాడు మాకెందుకు" అన్న వాదన వినిపించినప్పుడు జాగ్రత్త. 1990 ఆగస్టులో బోస్టన్‌కి మూడో బేస్‌లో వేడ్ బాగ్స్ పాతుకుపోయి ఉన్నాడు. జెఫ్ బ్యాగ్‌వెల్ అనే మూడో బేస్ కుర్రాణ్ణి హ్యూస్టన్‌కి ఇచ్చి లారీ ఆండర్సన్ అనే రిలీవర్‌ని తెచ్చుకుంది. హ్యూస్టన్ బ్యాగ్‌వెల్‌ని మొదటి బేస్‌కి మార్చింది, అతను గొప్ప ఆటగాళ్లకే చోటు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. బాగా కొట్టేవాడికి ఎక్కడో ఒకచోట స్థానం దొరుకుతుంది. పిచ్చర్ల కథైతే 1987లో డెట్రాయిట్‌ది. డోయల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకున్నారు, 9 గెలుపులు, ఒక్క ఓటమి లేదు, డివిజన్ గెలిచారు. బదులుగా అట్లాంటాకి ఇచ్చింది ట్రిపుల్-ఏ కింది మెట్టు డబుల్-ఏలో తంటాలు పడుతున్న 20 ఏళ్ల మిషిగన్ కుర్రాణ్ణి. పేరు జాన్ స్మోల్ట్జ్. అతనూ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనే ఉన్నాడు, అట్లాంటా టోపీతో.

అలాగని భయపడి చేతులు కట్టుకు కూర్చోవడం నాకు నచ్చదు. 2016లో కబ్స్ అరోల్డిస్ చాప్‌మన్ అనే రెంటల్ క్లోజర్ కోసం యాంకీస్‌కి గ్లేబర్ టోరెస్‌తో సహా నలుగురిని ఇచ్చింది. టోరెస్ రెండేళ్లలో ఆల్ స్టార్ అయ్యాడు, చాప్‌మన్ సీజన్ అవగానే తిరిగి యాంకీస్‌కే వెళ్లిపోయాడు. కానీ కబ్స్ 1908 తర్వాత మొదటిసారి కప్పు గెలిచింది. షికాగోలో ఎవరైనా ఆ డీల్ వద్దంటారా?

డాలస్ శివారు ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు బాగా ఉన్నాయి. అక్కడి రఫ్‌రైడర్స్ టీమ్ టెక్సస్ రేంజర్స్‌కి డబుల్-ఏ. 2023 వేసవిలో పిల్లల్ని తీసుకుని ఆ మ్యాచ్‌లకి వెళ్లినవాళ్లు లూయిసాంజెల్ అకూన్యాని చూసే ఉంటారు, రోనాల్డ్ అకూన్యాకి తమ్ముడు. జూలై చివర్లో పిచ్చర్ మ్యాక్స్ షెర్జర్ కోసం అతణ్ణి మెట్స్‌కి పంపేశారు. అదే రోజుల్లో ఇంకో పిచ్చర్ జోర్డన్ మోంట్‌గమరీ కోసం సెయింట్ లూయిస్‌కి ఇచ్చినవాళ్లలో థామస్ సాజీసీ కూడా ఫ్రిస్కోవాడే. అంతకుముందు జూన్ చివర్లో చాప్‌మన్ కోసం కాన్సస్ సిటీకి ఇచ్చిన కోల్ రేగన్స్ మరుసటి ఏడాదే ఆల్ స్టార్. రేంజర్స్ ఆ ఏడాది తమ చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్ గెలిచింది. షెర్జర్ పేరే పెద్దది గానీ, అక్టోబర్ భారం మోసింది మోంట్‌గమరీ.

7. డబ్బు లెక్క

టీమ్ మొత్తం జీతాలు ఒక హద్దు దాటితే లీగ్ లగ్జరీ ట్యాక్స్ వేస్తుంది. ఆ గీత 2025లో 241 మిలియన్ డాలర్లు, 2026లో 244. దాటితే మొదటి ఏడాది అదనపు మొత్తం మీద 20 శాతం, వరుసగా రెండో ఏడాది 30, మూడో ఏడాది నుంచి 50. ఇంకా పైకి పోయేకొద్దీ సర్‌చార్జీలు పడతాయి. ఎప్పటినుంచో దాటుతున్న టీమ్ అన్నిటికన్నా పై మెట్టులో ఉంటే ట్యాక్స్ 110 శాతం. డాలర్ జీతానికి డాలరు పది సెంట్లు ట్యాక్స్ అన్నమాట. మీ ఓనర్ ఎక్కడిదాకా ఓకే అంటాడో ఫోన్లు మొదలుపెట్టకముందే అడిగి తెలుసుకోండి.

డబ్బుతో కుర్రాళ్లని కాపాడుకోవచ్చు. అవతలివాళ్లకి జీతాల భారం దిగడమే కావాలంటే, మొత్తం జీతం మీరే మోసి తక్కువ స్థాయి కుర్రాణ్ణి ఇవ్వండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. షెర్జర్ డీల్‌లో మెట్స్ దాదాపు 35 మిలియన్ డాలర్ల జీతం తామే భరించింది. ఒక రకంగా అకూన్యా తమ్ముణ్ణి డబ్బిచ్చి కొనుక్కుంది.

8. కాగితాల పని

యాక్టివ్ రోస్టర్ (మ్యాచ్‌లో ఆడించగలిగేవాళ్ల జాబితా) 26 మంది, సెప్టెంబర్‌లో 28. దాని వెనక 40 మంది జాబితా. కొత్తవాణ్ణి తెస్తే ఈ రెండిట్లోంచీ ఎవరో ఒకరు వెళ్లాలి. ఎవరు వెళ్తారో డీల్ కుదరకముందే తెలిసుండాలి. మైనర్స్‌కి పంపే ఆప్షన్లు అయిపోయినవాణ్ణి ఊరికే కిందికి పంపలేరు, వేవర్స్ దాటాలి, దారిలో ఎవరైనా ఎగరేసుకుపోవచ్చు. 60 రోజుల గాయాల జాబితాలోకి వెళ్లినవాడు 40లో లెక్కకి రాడు. మేజర్ లీగ్‌లో పదేళ్లు, అందులో చివరి అయిదేళ్లు ఒకే టీమ్‌తో ఉన్న ఆటగాడు ఏ ట్రేడ్‌నైనా వద్దనొచ్చు. అతని ఏజెంట్‌తో మాట్లాడకుండా అభిమానులకి ఆశ పెట్టకండి.

మెడికల్ రిపోర్టులు మీ డాక్టర్ల చేతే చదివించండి. 2016లో శాన్ డియేగో నుంచి మయామీకి వెళ్లిన పిచ్చర్ కాలిన్ రేయా మొదటి మ్యాచ్‌లోనే మోచేతి నొప్పితో వెనుదిరిగాడు. మయామీ అతణ్ణి తిప్పి పంపి, తమ కుర్రాడు లూయిస్ కస్తీయోని వెనక్కి తెచ్చుకుంది. అదే వేసవిలో బోస్టన్‌తో చేసిన ఇంకో డీల్‌లో వైద్య సమాచారం దాచినందుకు శాన్ డియేగో జనరల్ మేనేజర్‌ని లీగ్ 30 రోజులు సస్పెండ్ చేసింది.

డీల్ పూర్తయ్యేదాకా మాట బయటికి పొక్కనివ్వకండి. 2015 జూలై 29న మెట్స్ మ్యాచ్ నడుస్తుండగా విల్మర్ ఫ్లోరెస్‌ని మిల్వాకీకి ఇచ్చేశారన్న వార్త స్టేడియంలో ఫోన్ల ద్వారా పాకింది. కుర్రాడు పదహారో ఏట నుంచి ఆ సంస్థలోనే ఉన్నాడు. మైదానంలో నిలబడి కళ్లు తుడుచుకుంటూ ఆడటం అందరూ చూశారు. తీరా అవతలి ఆటగాడి తుంటి గురించి అనుమానాలొచ్చి డీల్ రద్దయింది. రెండ్రోజుల తర్వాత పన్నెండో ఇన్నింగ్స్‌లో మ్యాచ్ గెలిపించే హోమ్ రన్ కొట్టింది ఫ్లోరెస్సే. అదే రోజు మెట్స్ యోయెనిస్ సెస్పెడెస్‌ని తెచ్చుకుంది. అతను 57 మ్యాచ్‌ల్లో 17 హోమ్ రన్స్ కొట్టి, టీమ్‌ని వరల్డ్ సిరీస్‌దాకా తీసుకెళ్లడంలో ముందు నిలిచాడు. మెట్స్‌కి కథ అలా సుఖాంతమైంది గానీ, మీ డ్రెస్సింగ్ రూమ్‌లో అలాంటి సాయంత్రం రాకుండా చూసుకోవడం మీ పనే.

9. డెడ్‌లైన్ అయిపోయాక

2018 దాకా ఆగస్టులో వేవర్స్ మీదుగా ట్రేడ్‌లు జరిగేవి. 2017 ఆగస్టు 31 రాత్రి హ్యూస్టన్ జస్టిన్ వెర్లాండర్‌ని అలాగే తెచ్చుకుని కప్పు కొట్టింది. 2019 నుంచి ఆ దారి మూసేశారు. అయినా ఆగస్టులో నిద్రపోకండి. వేరే టీమ్ వదిలేసినవాళ్లని, వేవర్స్‌లో పెట్టినవాళ్లని తీసుకోవచ్చు. ప్రతి రోజూ ఉదయం ఆ జాబితా చూసే మనిషిని ఒకర్ని పెట్టండి. గెలుపులు తక్కువున్న టీమ్‌కి ముందు అవకాశం కాబట్టి మంచివాళ్లు మీదాకా రావడం అరుదు, కానీ బెంచ్‌కి కావాల్సిన ఒక క్యాచరో, వేగంగా పరిగెత్తేవాడో దొరుకుతాడు. ప్లేఆఫ్స్‌లో ఆడాలంటే ఆటగాడు ఆగస్టు 31 లోపు మీ సంస్థలో (మైనర్ లీగ్ టీమ్‌లో అయినా సరే) ఉండాలి. సెప్టెంబర్ 1న వచ్చినవాడు ఎంత గొప్పవాడైనా అక్టోబర్‌లో పనికిరాడు.

ప్లేఆఫ్స్‌లో ప్రతి రౌండ్‌కీ 26 మంది జాబితా మళ్లీ ఇవ్వాలి. మూడు మ్యాచ్‌ల వైల్డ్ కార్డ్ సిరీస్‌కి స్టార్టర్లు ముగ్గురు చాలు, మిగిలిన చోట్లలో ఇంకో రిలీవర్‌నో, బెంచ్ బ్యాటర్‌నో పెట్టుకోండి. ఏడు మ్యాచ్‌ల సిరీస్‌కి వచ్చేసరికి నాలుగో స్టార్టర్‌ని వెనక్కి తెచ్చుకోండి.